ఏ గుమ్మడి ఏ రకానిదో తెలియాలంటే

రెండు రకాల గుమ్మడి పక్కపక్కన వేస్తే తీగలు అల్లుకుపోయి, కోతప్పుడు ఏ కాయ ఏ రకానిదో తెలియదు. అనంతపురం దగ్గర మా చేనులో ఈసారి అర్క చందన్ అనే రకమూ, ఇంకో నాటు రకమూ పదేసి పాదులు ఒకే డ్రిప్ కింద పెట్టాం. పిందె టెంకాయంత అయ్యాక, తీగ మొదలు చూసుకుని, శుభ్రమైన మేకుతో తొక్క మీద సన్నగా ‘చ’ అనో ‘నా’ అనో గీశాం. గీత మాని, కాయతో పాటే పెరిగి కోత నాటికి బాగా కనిపిస్తుంది. ఇక రకానికి ఐదు కాయలు తూకం వేసి, కోసి, కండ మందం స్కేలుతో కొలవడమే. బూడిద తెగులు ఏ పాదుకు ముందు వచ్చిందో తేదీతో రాసుకోండి, తర్వాత గుర్తుండదు. వాన పడుతున్నప్పుడు, పండు ఈగ ఉన్నప్పుడు మాత్రం గీయొద్దు, కాయ కుళ్ళిపోవచ్చు. అప్పుడు తొడిమకు రంగు దారం వదులుగా కట్టండి.