చిన్న రివాల్వర్, పెద్ద తూటా: చేతికి ఎలా అలవాటు చేసుకోవాలి?

ఇలాంటి రివాల్వర్ మొదటిసారి పేల్చినవాళ్లు దాన్ని కిందపెట్టి ముందు తమ అరచెయ్యి చూసుకుంటారు. నేనూ చూసుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. ఐదు తూటాల్లో రెండే కాగితానికి తగిలాయి, అవీ గురికి బాగా కింద. తుపాకీలో లోపం లేదు. మోత వస్తుంది, చెయ్యి అదురుతుంది అని ముందే భయపడి, ట్రిగ్గర్ లాగుతూనే మణికట్టు కిందికి వంచేశాను. ఈ రకం తుపాకీ కొన్నవాళ్లు అన్నిటికంటే ముందు గెలవాల్సింది ఈ భయాన్నే.

చిన్న సైజు, పెద్ద బోరు, అందుబాటు ధర అనగానే తెలిసినవాళ్లు చెప్పే పేరు చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్. 1973లో వచ్చిన మోడల్. తిరిగే సిలిండర్‌లో తూటాలు పెట్టే గదులు ఐదే ఉంటాయి. బరువు అర కిలోకు కాస్త ఎక్కువ. అందులో వాడేది .44 స్పెషల్. స్మిత్ అండ్ వెసన్ 1907లో తెచ్చిన తూటా ఇది. పాత పద్ధతి తూటాలో 246 గ్రెయిన్ల సీసపు గుండు, అంటే దాదాపు 16 గ్రాములు, సెకనుకు సుమారు 230 మీటర్ల వేగంతో వెళ్తుంది. వేగం తక్కువ, బరువు ఎక్కువ. లోపల పుట్టే పీడనం తక్కువ కాబట్టే ఇంత చిన్న సిలిండర్ దాన్ని తట్టుకుంటుంది. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ పీడనం దీనికి రెట్టింపు పైనే. మాగ్నమ్ కేసును, అంటే గుండునూ మందునూ పట్టుకునే లోహపు తొడుగును, కావాలనే పొడుగ్గా చేశారు, స్పెషల్ సిలిండర్‌లో పూర్తిగా దూరదు. దూరలేదని బలవంతం చేయకండి. డబ్బా మీద రాసిందీ, తుపాకీ గొట్టం మీద చెక్కిందీ ఒకటేనా అని ప్రతిసారీ చదవండి.

లైసెన్సు, కొనుగోలు, వెంట తీసుకెళ్లడం వంటి వాటికి మీరున్న చోటి చట్టం ఏం చెబుతుందో ముందే తెలుసుకోండి. తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్లు శిక్షకుడి దగ్గర ఒక పూటైనా నేర్చుకోకుండా తూటా కొనొద్దు.

కొనేముందు చూడాల్సినవి

పాత తుపాకీ అయితే ఈ పరీక్షలు తప్పవు. సిలిండర్ తెరిచి, ఐదు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు మొదలుపెట్టండి. మూసిన సిలిండర్‌కు ఒక వేలు తేలిగ్గా ఆనించి, తుపాకీ వెనక ఉండే హ్యామర్ (తూటాను పేల్చే చిన్న సుత్తి)ను మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ చివరికి వచ్చేసరికి సిలిండర్ టిక్కుమని తాళం పడాలి. పడకపోతే గుండు గొట్టంలోకి సూటిగా వెళ్లదు, అంచు గీసుకుంటుంది. ఐదు గదులకూ ఇలాగే చూడండి. తర్వాత సిలిండర్‌ను ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. టకటకమని ఆడుతుంటే ఆ బేరం వదిలేయండి. హ్యామర్‌కూ, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్నుకూ మధ్య ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ లాగితేనే దెబ్బను పిన్నుకు అందించే పట్టీ) ఉన్న మోడల్ అయితే చేయి జారి పడ్డా పేలదు. అది లేని పాత తుపాకుల్లో హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచడమే పద్ధతి.

సినిమాల్లోలా సిలిండర్‌ను విదిలించి మూయడం మాత్రం వద్దు. సిలిండర్‌ను మోసే చిన్న చేయి వంగిపోతుంది. రెండు చేతులతో నెమ్మదిగా మూయండి.

పిడి, పట్టు

డబ్బు మిగిలితే మొదట పిడి మీద పెట్టండి. వెనక వైపు మెత్తటి రబ్బరు ఉన్న పిడి, చిటికెనవేలు కూడా ఆనేంత పొడవున్నది, చేతి బాధను బాగా తగ్గిస్తుంది. ఒకే తూటాను రెట్టింపు బరువున్న తుపాకీలో పేలిస్తే వెనక్కి తన్నే శక్తి సగమవుతుంది. మనది తేలిక తుపాకీ, ఆ బరువు లేదు. ఆ లోటు పట్టుతో తీర్చుకోవాలి.

చెయ్యి పిడి మీద ఎంత పైకి వెళ్తే అంత మంచిది, హ్యామర్‌కు మాత్రం తగలకూడదు. రెండో చేతి వేళ్లు మొదటి చేతి వేళ్ల మీద గట్టిగా చుట్టండి. రెండు బొటనవేళ్లూ కిందికి వంచి ఒకదానిపై ఒకటి ఉంచండి. వేళ్లేవీ సిలిండర్ ముందు అంచు దగ్గరికి రాకూడదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. తూటా పేలిన ప్రతిసారీ ఆ సందులోంచి నిప్పు, సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి. వేలు అక్కడుంటే కాలి, తెగుతుంది.

ఇంట్లో, ఖాళీ తుపాకీతో

రేంజ్‌కు, అంటే కాల్పులు నేర్చుకునే మైదానానికి, వెళ్లడానికి ముందు రెండు వారాలు, రోజుకు పది నిమిషాలు. అసలు తూటాలు ఇంట్లో వేరే గదిలో ఉండాలి. నకిలీ తూటాలు పెట్టుకుని, గుండు దాటలేని గోడ వైపు గురి పెట్టండి. డబుల్ యాక్షన్ (ఒకే లాగుడుతో హ్యామర్ వెనక్కి వెళ్లి పడే పద్ధతి) ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, లాగుడు కూడా పొడుగే. మధ్యలో ఆగకుండా, వేగం మార్చకుండా వెనక్కి తీసుకురావాలి. ముందు సైటు (గొట్టం చివర గురి చూసే చిన్న మొన) మీద ఒక చిన్న నాణెం నిలబెట్టి, హ్యామర్ పడ్డాక కూడా అది పడిపోకుండా చేయగలిగితే మీ వేలు దారిలో పడ్డట్టే.

రేంజ్‌లో మొదటి రోజు

చెవులకు రెండు రక్షణలు పెట్టుకోండి: లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు. పొట్టి గొట్టం మోత చాలా ఘాటుగా ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి. టార్గెట్ ఐదు మీటర్లలో పెట్టండి, అంతకంటే దూరం అవసరం లేదు. తేలిక రకం తూటాలతో మొదలుపెట్టి, మొత్తం ఇరవై ఐదు దాటనివ్వకండి. చెయ్యి నొప్పెట్టాక పేల్చే ప్రతి తూటా చెడు అలవాటునే నేర్పుతుంది, పైగా ఈ తూటాలు ఖరీదైనవి. తుపాకీలో మిగిల్చిన డబ్బు తూటాల్లో పోతుందని ముందే లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు అభ్యాసం. ఐదు గదుల్లో మూడింటిలో నిజమైన తూటాలు, రెండింటిలో పేలిపోయిన ఖాళీ కేసులు పెట్టండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కళ్లు పక్కకు తిప్పుకుని సిలిండర్ ఒకసారి తిప్పి మూయండి. ఏది ఎక్కడుందో మీకు తెలియదు. పేల్చడం మొదలుపెట్టండి. ఖాళీ కేసు మీద హ్యామర్ పడినప్పుడు ముందు సైటును చూడండి. అది నిశ్చలంగా ఉంటే మీరు బాగా చేస్తున్నారు. కిందికి దూకితే భయం ఇంకా చేతిలోనే ఉంది. నాకు మొదటిసారి ఆ సైటు వేలెడంత కిందికి పడింది. నిజమైన తూటా పేలినప్పుడు ఆ కదలిక మోతలో కలిసిపోతుంది, కనిపించదు. ఈ అభ్యాసం తర్వాత కొన్ని వారాల్లో నా గురి మెరుగైంది.

గురి పైకో కిందికో పోతుంటే వెంటనే సైటును నిందించకండి. ఇలాంటి తుపాకీలకు సైటు మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. బరువైన గుండు నెమ్మదిగా వెళ్తుంది, అది గొట్టం దాటేలోపు గొట్టం కాస్త పైకి లేస్తుంది కాబట్టి తగిలే చోటు పైకి జరుగుతుంది. 200 గ్రెయిన్ల గుండు, 246 గ్రెయిన్ల గుండు ఒకే రోజు పేల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మీ తుపాకీకి ఏది నప్పితే దానికే కట్టుబడండి.

ఖాళీ కేసులు తీసేటప్పుడు గొట్టం మూతిని ఆకాశం వైపు నిలబెట్టి, ఎజెక్టర్ రాడ్‌ను (కేసులను బయటికి నెట్టే కడ్డీని) అరచేతితో ఒకే దెబ్బ కొట్టండి. పొట్టి రాడ్ కాబట్టి మెల్లగా నొక్కితే కేసులు సగంలో ఆగిపోతాయి. మూతి కిందికి ఉంటే కాలని మందు రవ్వలు ఎజెక్టర్ చక్రం (రాడ్ చివర కేసుల అంచులను పట్టే భాగం) కిందికి జారి, తర్వాత సిలిండర్ మూసుకోదు.

ఆగాల్సిన సందర్భాలు

ట్రిగ్గర్ లాగినా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. తూటా 'టప్'మని బలహీనంగా పేలితే మళ్లీ ట్రిగ్గర్ ముట్టుకోకండి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం చీలుతుంది. తుపాకీ ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుతురు చూడండి.

మూడోది ఈ తేలిక తుపాకీలకు బాగా ఎదురయ్యే చిక్కు. తుపాకీ వెనక్కి తన్నిన కుదుపుకి, ఇంకా పేలని తూటాల్లోని గుండు కేసులోంచి ముందుకు జారుతుంది. ఒకసారి నా సిలిండర్ నాలుగో తూటాకి బిగుసుకుపోయింది. ఐదోదాని గుండు ముక్కు సిలిండర్ దాటి బయటికి వచ్చి ఫ్రేముకు ఆనుకుంది. అప్పటి నుంచి కొత్త రకం డబ్బా తెచ్చినప్పుడల్లా నాలుగు పేల్చి, ఐదోదాన్ని బయటికి తీసి, పేల్చని తూటా పక్కన నిలబెట్టి ఎత్తు చూస్తాను. కొంచెం పొడుగ్గా కనిపించినా ఆ రకం మళ్లీ కొనను.

ఇంటికొచ్చాక

ముందు చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి, సీసం తిండితో కడుపులోకి పోకూడదు. పాత టూత్‌బ్రష్‌తో ఎజెక్టర్ చక్రం కింద రుద్దండి. గొట్టం మొదలు దగ్గర, గుండు ప్రవేశించే చోట సీసం పేరుకుంటుంది, అక్కడ ఇత్తడి బ్రష్ ఎక్కువసేపు తిప్పండి. నూనె పలుచగా చాలు. ఈ కుదుపులకు మరలు వదులవుతాయి కాబట్టి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో ప్రతి ఒక్కటీ తాకి చూడండి. ఆఖరుగా ఖాళీ తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో, తాళంచెవి మీ దగ్గర.