చెన్నైలో ట్రాంబోన్ వాయిస్తూ, నేర్పుతూ నిలదొక్కుకోవడం ఎలా?

చెన్నైలో వయొలిన్ నేర్పేవారు ఏ పేటలోనైనా దొరుకుతారు. ట్రాంబోన్, యూఫోనియం, ట్యూబా వంటి మంద్రస్థాయి ఇత్తడి ఊదు వాద్యాలు (బ్రాస్) వాయించేవారి కోసం మాత్రం ఊరంతా గాలించాలి. పాశ్చాత్య సంగీతంలో నెలజీతపు కొలువు అనగానే 2006లో ముంబయిలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా గుర్తుకొస్తుంది. అక్కడ మంద్రస్థాయి వాద్యాలకు ఉండే కుర్చీలు చాలా కొద్ది. కాబట్టి నాలుగైదు చోట్ల వచ్చే రాబడిని కలుపుకొని జీవనం సాగించాలి. ఇది జరిగే పనే, కాకపోతే వరుస తప్పకూడదు.

1. వాద్యం, చదువు

ట్రాంబోన్‌లో గట్టి పట్టు సాధించి, యూఫోనియంను తోడు చేసుకోండి. రెండింటి గొట్టం పొడవూ సుమారు 9 అడుగులే కాబట్టి పెదవుల అలవాటు చాలావరకు పనికొస్తుంది. ఆర్కెస్ట్రాలో బాస్ క్లెఫ్ (పాశ్చాత్య స్వరలిపిలో కింది స్వరాల గుర్తు) చదవాలి. బ్రిటిష్ పద్ధతి బ్రాస్ బ్యాండ్లలో యూఫోనియంకు పై స్వరాల గుర్తైన ట్రెబుల్ క్లెఫ్‌లో రాస్తారు. రెండూ తడుముకోకుండా చదవగలిగితేనే పిలుపు మళ్లీ వస్తుంది.

పాత ట్రాంబోన్ కొనేటప్పుడు, స్వరం మార్చడానికి ముందుకూ వెనక్కూ జరిపే స్లయిడ్‌ను నిలువుగా పట్టుకుని బయటి గొట్టాన్ని మెల్లగా వదలండి, కింద చెయ్యి అడ్డం పెట్టుకోండి. అది దానంతట అదే జారాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే ధర ఎంత తక్కువైనా వద్దనండి. కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు, వేడినీళ్లు పోస్తే లక్క పూత లేచిపోతుంది.

2. శ్రుతి

మిమ్మల్ని నిలబెట్టేది ఇదే. వేగం ఎవరైనా కొన్నాళ్లకు తెచ్చుకుంటారు, కింది స్వరం కదిలితే మాత్రం పైన ఉన్న మేళమంతా చెదురుతుంది.

స్లయిడ్‌ను మొదటి స్థానంలోనే, అంటే పూర్తిగా లోపలికి మూసి ఉంచి, పెదవుల బిగువు మారుస్తూ ఊదండి. స, ప, పై స, ఆ తర్వాత అంతర గాంధారం వరుసగా పలుకుతాయి. తంబురా మంద్రతీగ మీటినప్పుడు ఎవరూ పలికించకుండానే వినిపించే స్వయంభూ గాంధారం కూడా ఇదే. కీబోర్డు గాంధారం కన్నా ఇది సుమారు 14 సెంట్లు తక్కువ. సెంటు అంటే కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు.

మూడు ట్రాంబోన్లు కలిసి మేజర్ కార్డు (స, గ, ప ఒకేసారి పలికించడం) పట్టినప్పుడు గాంధారం మీ వంతుకు వస్తే, దాన్ని ఆ తగ్గులోనే ఉంచండి. కార్డు ఒక్కసారిగా కుదురుకోవడం మీకే వినిపిస్తుంది. పక్కన పియానో ఉంటే మాత్రం దాని శ్రుతికే పోవాలి. అందుకు స్లయిడ్‌ను ఇంకా లోపలికి తేవాలి, కానీ మొదటి స్థానంలో అది అప్పటికే మూసుకుని ఉంటుంది. అందుకే వాద్యం మొత్తం శ్రుతిని సరిచేసే ట్యూనింగ్ స్లయిడ్‌ను కొంచెం లోపలికి నెట్టి, మొదటి స్థానాన్ని కాస్త వెలుపలే పట్టడం అలవాటు చేసుకోండి. రోజూ ఫోనులో తంబురా పెట్టుకుని దీర్ఘస్వరాలు ఊదండి. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి ఇది పుట్టింటి సొమ్ము.

3. పాఠాలు

నికరమైన ఆదాయం ముందుగా ఇక్కడే మొదలవుతుంది. లండన్ ట్రినిటీ కాలేజీ నిర్వహించే సంగీత గ్రేడ్ పరీక్షల సిలబస్ చేతిలో ఉంటే తల్లిదండ్రులకు ఒక దారి కనిపిస్తుంది. 1842లో మొదలైన, అన్నాసాలైలోని మ్యూసీ మ్యూజికల్ వంటి దుకాణాలవారికి, పాఠశాలల సంగీత ఉపాధ్యాయులకు మీరు నేర్పుతున్న సంగతి తెలియజేయండి.

సరళీ స్వరాలు వచ్చిన పిల్లలకు మొదటి రోజే స్లయిడ్ కదపకుండా స, ప, స ఊదించండి. తమకు తెలిసిన స్వరం ఆ పెద్ద గొట్టంలోంచి పలికితే పిల్లల ముఖం వెలిగిపోతుంది. ఏడో స్థానానికి, అంటే స్లయిడ్ చివరి దూరానికి, చెయ్యి అందని చిన్నవాళ్లకు తేలికపాటి ప్లాస్టిక్ ట్రాంబోన్ నయం. చెయ్యి సాగే వరకు దూరపు స్థానాల జోలికి పోకండి, భుజం బిగిస్తే ఊపిరీ బిగుస్తుంది. అపార్ట్‌మెంటులో ప్రాక్టీస్ మ్యూట్ (వాద్యం వెడల్పు చివర పెట్టి శబ్దం తగ్గించే బిరడా) తప్పనిసరి, కానీ ఎప్పుడూ దానితోనే సాధన చేస్తే నాదం సన్నబడుతుంది.

రుసుము నెల మొదట్లోనే తీసుకోండి. విద్యార్థి రాని రోజు లెక్క ఏమిటో చేరేటప్పుడే చెప్పండి.

4. కచేరీలు, రికార్డింగులు

డిసెంబరులో క్రిస్మస్ కేరల్స్‌కు బ్రాస్ కావాలి, తెలుగు చర్చిలకు కూడా. గాయకబృందాల సాధన ముందే మొదలవుతుంది కనుక సెప్టెంబరులోనే మాట్లాడుకోండి. 1893 నాటి మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ గాయకబృందం, 2008లో ఏఆర్ రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఇక్కడే ఉన్నాయి. వాటి కచేరీలకు వెళ్లి వినండి, వాయించేవారితో పరిచయం పెంచుకోండి.

సినిమా నేపథ్య సంగీతంలో బ్రాస్ చాలావరకు కంప్యూటర్‌లోనే తయారవుతోంది. దాని మీద ఒక్క నిజమైన ట్రాంబోన్ కలిపితే మనిషి ఊపిరి చేరుతుంది. ఆ పని ఇంటినుంచే చేయవచ్చు. ఒక మంచి మైకు, మందపాటి తెరలు వేసిన గది ఉంటే చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఫైలు పంపండి. తెలుగు మాట్లాడగలిగితే హైదరాబాద్ సంగీత దర్శకుల సహాయకులతో పని ఇంకా సులువు.

5. డబ్బు

రిహార్సల్‌కు వేరుగా, కచేరీకి వేరుగా రేటు మాట్లాడుకుని, సందేశంలో రాయించుకోండి. సంస్థలు వృత్తి రుసుములో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (చెల్లింపులోనే ముందుగా మినహాయించే ఆదాయపు పన్ను) కోస్తాయి. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా, రిటర్ను వేస్తేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. బిల్లు ఆ వారంలోనే పంపండి.