ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే: నా అనుభవం

మా ఇంట్లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) రోజుకు రెండు మూడుసార్లు పడిపోయేది. గీజర్ విప్పించాం, మోటారు తీసి చూశాం, ఆర్‌సీసీబీనే మార్పించాం. ఫలితం లేదు.

ఎంసీబీలు (ఒక్కో లైనుకూ ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటీ దించి చూసినా దొరకలేదు. మా బోర్డులో అవి ఫేజునే తెంపుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది, కనుక న్యూట్రల్ వైరు ఎర్తుకు తగులుతుంటే ఎంసీబీ దించినా ఆ లీకు ఆగదు. ఆ మాట చెప్పింది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్.

ఆయన కరెంటు ఉండగానే మల్టీమీటర్ సరిగ్గా చూపుతోందో లేదో చూసుకున్నాడు. తర్వాత మెయిన్ దించి, ఇన్వర్టర్ ఆపి దాని ఔట్‌పుట్ వైరు విడదీశాడు (ఇది మరిస్తే ప్రాణాలకే ముప్పు). బోర్డులో కరెంటు లేదని అదే మీటర్‌తో తేల్చుకున్నాడు, నియాన్ టెస్టర్‌ను నమ్మలేదు. మెగ్గర్ (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటర్) 500 వోల్టులు పంపుతుంది కనుక ప్లగ్గులన్నీ పీకించాడు. న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి ఒక్కో నల్లవైరూ విప్పి, దానికీ ఎర్తుకీ మధ్య మెగ్గర్ పెట్టాడు. వంటింటి వైరుకు రీడింగ్ దాదాపు సున్నా, అంటే ఆ వైరు ఎక్కడో ఎర్తుకు తగులుతోందన్నమాట.

మిక్సీ సాకెట్ విప్పితే కనిపించింది: స్క్రూ కింద నలిగి, తొడుగు చిట్లి, ఇనుప డబ్బాకు ఆనుకున్న నల్లవైరు. చెడిన మేర కోసి బిగించి, మళ్లీ మెగ్గర్ పెట్టాకే కరెంటు ఇచ్చాడు. రెండు నెలలుగా పడలేదు.

మీ ఇంట్లో కారణం గీజర్ ఎలిమెంటో, గోడ చెమ్మో కావచ్చు. మెగ్గర్ వాడటం తెలియకపోతే దయచేసి బోర్డు మూత తీయకండి. నేనూ తీయలేదు, టార్చి పట్టుకుని నిలబడ్డాను.