అమలాపురం నుంచి లేహ్‌కి ఎంత దూరం? విమాన సమయం ఎలా లెక్కేయాలి?

మా పిన్ని కొడుకు ఆర్మీలో చేరి లేహ్‌లో ఉన్నాడు. "ఇక్కణ్ణుంచి విమానంలో ఎంతసేపు పడుద్దిరా?" అని పిన్ని అడిగితే లెక్కేసి "మూడు గంటలు" అన్నాను. లెక్క తప్పు కాదు, జవాబే తప్పు.

ముందు గాలి దూరం, అంటే తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం చూద్దాం. ఫోన్ మ్యాప్‌లో ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి: అక్షాంశం, రేఖాంశం. అమలాపురానికి 16.58, 82.01. లేహ్‌కి 34.15, 77.58. అక్షాంశాల తేడా 17.57. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే 1,950. రేఖాంశాల తేడా 4.43. ఈ డిగ్రీ మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. మన కోనసీమలో 107 దాకా ఉంటే, ఈ రెండూళ్ల నడిమధ్య సుమారు 100. అంటే 443. వీటిని ఊరికే కూడకూడదు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీయాలి. 2,000 కిలోమీటర్లు వస్తుంది.

ఇక సమయం. జెట్ విమానానికి గంటకు 800 వేసుకుని, ఎక్కడానికీ దిగడానికీ ఇంకో అరగంట కలపండి. మొత్తం మూడు గంటలు. నేను పిన్నికి చెప్పింది ఇదే.

కానీ అమలాపురంలో విమానం ఎక్కడ ఎక్కుతాం? అందుకే దారిని ముక్కలు చేయాలి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్ 360 కిలోమీటర్లు. ఇలాంటి దారిలో తరచు రెక్కలకు పంకాలుండే చిన్న విమానం, ఏటీఆర్, తిరుగుతుంది కాబట్టి గంటకు 500 వేసి, ప్రతి ముక్కకీ ఆ అరగంట కలపాలి: గంటంబావు. అక్కణ్ణుంచి ఢిల్లీ 1,250: రెండు గంటల పైచిలుకు. ఢిల్లీ నుంచి లేహ్ 620: గంటంబావు. గాల్లోనే నాలుగున్నర దాటింది. మధ్యలో విమానాలు మారే వ్యవధి వేరే.

మన డెల్టాలో అసలు చిక్కు నేల మీద. కోటిపల్లి రేవులో నిలబడితే అవతల ముక్తేశ్వరం ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. "పంటు ఇప్పుడే వెళ్లిందండీ" (గోదావరి దాటించే పడవ) అన్నారంటే మాత్రం బండి ఆపుకుని కూర్చోవాలి, లేదా యానాం వంతెనో రావులపాలెం వంతెనో చుట్టి రావాలి. ఇక్కడ గీత గీసి కొలిచిన దూరాన్ని నమ్మకండి. అమలాపురం నుంచి మధురపూడి గీత మీద 62, రోడ్డు మీద 80 దాకా. పెళ్లిళ్ల సీజన్‌లో రావులపాలెం దగ్గర ట్రాఫిక్ చూశాక నేనైతే రెండున్నర గంటలు పెట్టుకుంటాను. దానికి తోడు, విమానాశ్రయానికి రెండు గంటల ముందే చేరాలి.

చివరగా, దిగే ఊరి సంగతి కూడా కనుక్కోవాలి. లేహ్ విమానాశ్రయం పది వేల అడుగుల పైన కొండల మధ్య ఉంటుంది. మధ్యాహ్నానికి గాలులు పెరుగుతాయి కాబట్టి అక్కడికి విమానాలు ఎక్కువగా పొద్దున్నే వెళ్తాయి. అంటే ఢిల్లీలో ఒక రాత్రి గడపాల్సిందే.

ఇదంతా పిన్నికి మళ్లీ చెప్పాను. ఇవాళ పొద్దున బయల్దేరితే రేపు పొద్దున చేరతావని.

"అయితే పూతరేకులు రావులపాలెంలో కొనుక్కుంటే సరిపోద్దిరా" అంది.