టీఎంఎస్ చికిత్స: కొలత సరిగ్గా ఉంటేనే ఫలితం

మందులు మార్చి చూసినా డిప్రెషన్ లొంగనప్పుడు సైకియాట్రిస్టులు టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) సూచిస్తుంటారు. తలకు ఆనించిన కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత పల్స్‌లు మెదడు పైపొరలోని నరాల కణాలను ఉత్తేజపరుస్తాయి. మత్తు ఇవ్వరు, మెలకువగానే కూర్చుంటారు.

ముందుగా తలలో అన్యూరిజం క్లిప్పు (ఉబ్బిన రక్తనాళానికి వేసే క్లిప్పు), కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవిలో అమర్చే పరికరం), లోహపు ముక్కలు ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా చెప్పాలి. మామూలు పంటి ఫిల్లింగులతో ఇబ్బంది లేదు.

మొదటి రోజు ఎక్కువసేపు కొలతలకే పోతుంది, పోనివ్వండి. చేతి కదలికల్ని నడిపే భాగం మీద కాయిల్ పెట్టి, పది పల్స్‌లకు ఐదుసార్లు బొటనవేలు అదిరే కనీస తీవ్రతను పట్టుకుంటారు. అదే మోటార్ థ్రెషోల్డ్. చికిత్స సాధారణంగా దానికి 120 శాతం దగ్గర సాగుతుంది. తర్వాత కాయిల్‌ను ఎడమ నుదుటి వైపు జరుపుతారు. బొటనవేలు అదిరిన చోటు నుంచి ఐదు సెంటీమీటర్లు ముందుకు జరపడం పాత పద్ధతి. తల సైజును లెక్కలోకి తీసుకోదు కాబట్టి గురి తప్పుతుంది. టేపుతో తల కొలిచే బీమ్ పద్ధతి గానీ, ఎంఆర్‌ఐ ఆధారంగా గానీ చేస్తున్నారా అని అడగండి. మెషీన్ బ్రాండ్ కంటే ఇదే ముఖ్యం.

వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. 10 హెర్ట్జ్ (సెకనుకు పది పల్స్‌లు) పద్ధతిలో 3000 పల్స్‌లకు 19 నుంచి 38 నిమిషాలు పడుతుంది. పల్స్‌లను చిన్న గుంపులుగా వేగంగా ఇచ్చే థీటా బరస్ట్‌లో 600 పల్స్‌లు మూడు నిమిషాల్లో అయిపోతాయి. డిప్రెషన్‌కు రెండూ దాదాపు సమానంగా పనిచేస్తాయని 2018లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఇయర్‌ప్లగ్స్ లేకుండా ఒక్క పల్స్ కూడా వద్దు.

తల చర్మం నొప్పి, కనుబొమ్మ అదరడం మొదటి వారం మామూలే. భరించలేకపోతే ఆపరేటర్ కాయిల్ కోణం కాస్త మార్చి, తీవ్రత తగ్గించి మెల్లగా పెంచుతారు. అసలు జాగ్రత్త ఫిట్స్ గురించి. అరుదే, కానీ నిద్ర లేకపోయినా, మద్యం తాగినా, నిద్రమాత్రలు ఉన్నట్టుండి మానేసినా మెదడు తేలిగ్గా ఉద్రేకపడే స్థితికి వస్తుంది, నిన్నటి తీవ్రత ఇవాళ ఎక్కువైపోతుంది. కుర్చీలో కూర్చునే ముందే చెప్పండి, థ్రెషోల్డ్ మళ్లీ కొలుస్తారు.

అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో ఇచ్చిన అనుమతి డిప్రెషన్‌కు. పీటీఎస్‌డీకి (తీవ్రమైన భయానక అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) తరచూ కుడివైపు ఇస్తారు, ఆధారాలు ఇంకా అంత గట్టిగా లేవు. కాబట్టి ట్రామా థెరపీ ఆపకండి.

పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) స్కోరు వారం వారం రాసుకోండి. మూడో వారానికీ మార్పు లేదని మానేయకండి, కొందరిలో మెరుగు ఆలస్యంగా మొదలవుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం కోర్సు పూర్తయ్యేదాకా ఎదురుచూడొద్దు, అదే రోజు డాక్టరుకు చెప్పండి.