పార్కింగ్ పాఠాలు – 3: స్పీడ్ బ్రేకర్లు, కెర్బ్ రాళ్లు

గత పాఠంలో గీసిన మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ నక్షాను ముందు పెట్టుకోండి. గేటు, ర్యాంపు, లిఫ్టు ద్వారాలు, పిల్లలు ఆడుకునే మూల, బండ్లు తిరిగే దిశను చూపే బాణాలు అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ అదే కాగితం మీద ఎర్ర పెన్సిలుతో రెండు రకాల గీతలు చేరుస్తాం. దారికి అడ్డంగా స్పీడ్ బ్రేకర్లు, అంచుల వెంట కెర్బ్ రాళ్లు, అంటే దారికి గట్టులా పాతే రాళ్లు. డ్రిల్లింగ్ మిషన్ సంగతి ఆ తర్వాత.

అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో స్పీడ్ బ్రేకర్ మాట వస్తే చర్చంతా ఎత్తు చుట్టూనే తిరుగుతుంది. ‘ఇంకాస్త ఎత్తుగా వేయిస్తే గానీ వీళ్లకు బుద్ధి రాదు’ అనే పెద్దమనిషి ప్రతిచోటా ఒకరుంటారు. నన్నడిగితే ఎత్తు గురించి చివర్లో ఆలోచిస్తే చాలు. బ్రేకర్ ఎక్కడ వేశామన్నదే అసలు విషయం. చోటు తప్పితే ఎంత ఎత్తు వేసినా ఫిర్యాదులు పెరుగుతాయే తప్ప వేగం తగ్గదు.

ముందు చిన్న లెక్క

గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు ఐదున్నర మీటర్లు. ఎదురుగా ఏదో కదిలిందని గమనించి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ లోపే బండి ఐదున్నర మీటర్లు దాటేస్తుంది. పొడి నేల మీద బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో మూడు మీటర్లు. మొత్తం తొమ్మిది మీటర్లలోపు. అదే 30 కిలోమీటర్ల వేగమైతే ఎనిమిది మీటర్లు ఆలోచనకే పోతాయి, ఏడు మీటర్లు బ్రేకుకు పోతాయి. మొత్తం పదిహేను దాటుతుంది. వరుసగా ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి బంతి వెనక పరుగెత్తుకొచ్చే పిల్లవాడు డ్రైవరుకు పదిహేను మీటర్ల ముందుగా కనబడడు. కాబట్టి సెల్లారులోనూ బ్లాకుల మధ్య దారిలోనూ 20 దాటనివ్వకూడదు. చేయబోయే పనంతా ఈ ఒక్క అంకె కోసమే.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

గేటు దగ్గర మొదలుపెడదాం. బ్రేకరును గేటుకు ఆనించి వేస్తే లోపలికి వచ్చే కారు ముందు చక్రాలు దాని మీద ఉండగా వెనక సగం రోడ్డు మీదే నిలుస్తుంది. వెనక వచ్చే బస్సు దాన్ని చూసుకోవాలి. గేటు నుంచి కనీసం ఒక కారు పొడవు, అంటే ఐదారు మీటర్లు లోపలికి జరపండి.

లిఫ్టు ద్వారం ఎదురుగా వేయించుకోవడం చాలామందికి ఇష్టం. అది సరికాదు. కూరగాయల సంచులతో, చేతికర్రతో, పిల్లల సైకిలుతో మనుషులు దాటేది అక్కడే. తట్టుకుని పడతారు. పైగా బ్రేకర్ దాటిన డ్రైవరు సహజంగా యాక్సిలరేటర్ నొక్కుతాడు. ఆ నొక్కుడు ద్వారం ముందే మొదలవుతుంది. దాటే చోటుకు ఆరేడు మీటర్ల ముందు వేస్తే బండి అక్కడికి నెమ్మదిగానే చేరుతుంది. రెండు వైపుల నుంచీ బండ్లు వచ్చే దారైతే రెండు వైపులా ఒక్కొక్కటి వేయాలి.

మలుపులో వేయకండి. మలుపులో స్కూటరు ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ వాలులో తడిసిన రబ్బరు మీదికి చక్రం ఎక్కితే జారుతుంది. మలుపుకు ముందు, బండి ఇంకా నిటారుగా ఉన్న చోట వేయండి. దారికి సరిగ్గా లంబంగా ఉండాలి. ఏటవాలుగా వేస్తే కారు ఒక చక్రం ముందు, ఒకటి వెనక ఎక్కి ఊగుతుంది.

ర్యాంపు మీద అసలు వద్దు. సెల్లారు ర్యాంపులు సాధారణంగా ఎనిమిదికి ఒకటి వాలుతో, అంటే ఎనిమిది మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు దిగేలా ఉంటాయి. వాలు ముగిసి నేల చదునయ్యే చోట కారు అడుగుభాగం ఎలాగూ నేలకు దగ్గరవుతుంది. అక్కడే బ్రేకర్ కూడా ఉంటే రాసుకుంటుంది. ర్యాంపు అడుగు నుంచి మూడు నాలుగు మీటర్లు దూరం వదిలి వేయండి. పొడవైన తిన్నని దారి ఉంటే పాతిక ముప్ఫై మీటర్లకు ఒకటి చొప్పున వేయవచ్చు. అంతకన్నా దగ్గరగా వేస్తే జనం విసుగెత్తి అడ్డదారులు వెతుకుతారు.

గేటు బయట రోడ్డు మీద వేసే అధికారం సంఘానికి లేదు. అది మున్సిపాలిటీ, ట్రాఫిక్ పోలీసుల పని. దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. రాత్రికి రాత్రి సిమెంటు దిమ్మె పోసేసే అలవాటు మన వీధుల్లో ఎంత ఉన్నా సరే.

ఎత్తు

మొదట్లో వాయిదా వేసిన ఎత్తు సంగతి ఇక్కడ తేల్చేద్దాం. మార్కెట్లో దొరికే రబ్బరు ముక్కలు ఎక్కువగా 50 లేదా 75 మిల్లీమీటర్ల ఎత్తు, 350 వెడల్పు, 500 పొడవు ఉంటాయి. మన చిన్న కార్లు చాలావాటికి నేలకూ అడుగుభాగానికీ మధ్య 160 నుంచి 180 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. అయితే అది ఖాళీ కారు లెక్క. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే నాలుగైదు సెంటీమీటర్లు దిగిపోతుంది. 160లో 50 పోతే 110. దాంట్లో 75 బ్రేకరుకు పోగా మిగిలేది 35 మిల్లీమీటర్లు. కారు కాస్త ఊగిందంటే గీసుకోవడం ఖాయం. 50 మిల్లీమీటర్లది వేస్తే 60 మిగులుతుంది. పార్కింగుకు 50 చాలు.

గేటెడ్ కాలనీలో అంబులెన్సు, స్కూలు బస్సు తిరిగే ప్రధాన దారి ఉంటే అక్కడ ఇరుకు రబ్బరు దిమ్మె బదులు వెడల్పైన హంప్ పోయించండి. 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో వంపు. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల్లో చెప్పిన కొలత అదే. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు ఉద్దేశించినది. అది తాపీమేస్త్రీ, తారు పనివాళ్లు కలిసి చేసే పని, ఈ పాఠంలోకి రాదు. అన్నట్టు, ఇలాంటి దిమ్మెలను తొలినాళ్లలో లెక్కకట్టి రూపొందించినవారిలో ఒక నోబెల్ గ్రహీత ఉన్నారు. భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి అధిపతిగా ఉండగా, క్యాంపస్‌లో కార్ల దూకుడు చూడలేక 1953లో ఆ పనికి పూనుకున్నారు.

నేలను బట్టి బిగింపు

ఈ భాగం తొందరపడకుండా చదవండి. నేల రకం చూడకుండా బోల్టులు కొనడమే పని పాడవడానికి మొదటి కారణం.

భూమి మీద నేరుగా పోసిన కాంక్రీటు నేలైతే బెంగలేదు. యాంకర్ బోల్టులు, అంటే రంధ్రంలో దించి బిగిస్తే వ్యాకోచించి పట్టుకునేవి, గట్టిగా నిలుస్తాయి. తారు నేల మెత్తన, ఎండకు ఇంకా మెత్తబడుతుంది. అందులో వ్యాకోచించే బోల్టు పక్కలకు నొక్కుకుంటూ వదులవుతుంది. అక్కడ పొడవాటి మేకులు గానీ, రసాయన జిగురు పోసి దించే కడ్డీలు గానీ వాడాలి. పేవర్ బ్లాకులు పరిచిన చోట వాటికే బిగిస్తే నెల తిరక్కుండా బ్రేకరుతో పాటు బ్లాకులూ లేచొస్తాయి. ఆ వరస బ్లాకులు తీసేసి, అర మీటరు వెడల్పున 150 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు పట్టీ పోసి, వారం రోజులు తడిపి, ఆ తర్వాత దాని మీద బిగించండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది కింద సెల్లారు ఉన్న స్లాబు మీద. అలాంటి స్లాబు మీద నీరు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటుంది. డ్రిల్లు దాన్ని చీల్చితే తొలి వానకే కింద కార్ల మీద చుక్కలు పడతాయి. లోపల ఇనుప చువ్వలుంటాయి. కొన్ని పెద్ద భవనాల్లో బిగించి లాగిన ఉక్కు తీగలు కూడా ఉంటాయి, వాటికి డ్రిల్లు తగిలితే ప్రమాదం మామూలుగా ఉండదు. భవనం స్ట్రక్చరల్ ఇంజనీరు రాసి ఇస్తే తప్ప స్లాబుకు రంధ్రం పెట్టవద్దు. పాలీయురెథేన్ జిగురుతో అతికించే రకం వాడుకోండి.

ముక్కల లెక్క

దారి వెడల్పు 6 మీటర్లు అనుకుందాం. రెండు చివర్లలో గుండ్రటి అంచు ముక్కలు కలిపి 350 మిల్లీమీటర్లు. మధ్యలో 500 మిల్లీమీటర్ల ముక్కలు పది వేస్తే మొత్తం 5.35 మీటర్లు, పక్కకు 325 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అంత సందు దొరికితే మన ద్విచక్ర వాహనదారులు వదులుతారా! స్కూటరు చక్రానికి జానెడు చోటు చాలు. పదకొండు వేస్తే 5.85 మీటర్లు, పక్కకు 75 మిల్లీమీటర్లు. వాన నీరు పోతుంది, చక్రం దూరదు. పదకొండే కొనండి. బేసి సంఖ్య కాబట్టి పసుపుతో మొదలై పసుపుతో ముగుస్తుంది. అంటే ఆరు పసుపు, ఐదు నలుపు. పక్కనే కాలువ జాలీ ఉంటే బ్రేకర్ దాని మీదికి రాకూడదు.

బిగించడం

పని తెల్లవారకముందో, బండ్లు బయటికెళ్లిన పదకొండు గంటల వేళో పెట్టుకోండి. రెండు చివర్లా మేకులు కొట్టి సుద్ద పూసిన లైనుదారం లాగి వదిలితే నేల మీద తిన్నని తెల్ల గీత పడుతుంది. నేలను ఊడ్చి, కడిగి, ఆరనివ్వాలి. ఇంజనాయిల్ మరకలుంటే సబ్బుతో రుద్దాలి.

ముక్కలన్నీ ముందు బిగించకుండా గీత వెంట పేర్చి చూసుకోండి. ఒకదానితో ఒకటి కొక్కెంలా కలిసే అంచులుంటాయి. సరిగ్గా కూర్చున్నాక ఒక చివరి ముక్కను కాలితో తొక్కిపట్టి, దాని రంధ్రంలోంచే డ్రిల్లు దించండి. డ్రిల్లు బిట్టు యాంకర్ బయటి వ్యాసమంతే ఉండాలి, లోతు యాంకర్ పొడవు కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. బిట్టుకు రంగు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే ఆపాల్సిన చోట ఆగుతారు.

ఆ తర్వాత రంధ్రంలోని పొడిని పూర్తిగా తీయాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొడి మిగిలితే యాంకర్ పొడినే పట్టుకుంటుంది, కాంక్రీటును పట్టుకోదు. ఆ రోజు గట్టిగానే అనిపిస్తుంది, పది పదిహేను రోజులకు బోల్టు తల టకటకమని మోగడం మొదలవుతుంది. చేతి పంపుతో ఊది, సన్నని బ్రష్షు తిప్పి, మళ్లీ ఊదండి. కళ్లద్దాలు తప్పనిసరి.

బోల్టుకు వెడల్పైన వాషరు వేసి స్పానరుతో బిగించండి. రబ్బరు కాస్త నొక్కుకోగానే ఆగాలి. ఇంకా తిప్పితే మధ్యలో గుంట పడి అంచులు లేస్తాయి, లేచిన అంచు టైరుకు తగులుతూ చిరుగుతుంది. బోల్టు తల రంధ్రంలోకి దిగిపోయి ఉండాలి. రెండు వారాల తర్వాత అన్ని బోల్టులూ మరోసారి తిప్పి చూడండి.

కెర్బ్ రాళ్లు

ఇది ఎక్కువగా మేస్త్రీ పనే, కాబట్టి ఏం అడగాలో చెబుతాను. నడకదారి, మొక్కల మడి అంచుల్లో నేలకు పైన ఎత్తు 150 మిల్లీమీటర్లు మించవద్దు. అంతకు మించితే కారు తలుపు అడుగంచు తగులుతుంది. రాయిలో సగం వరకు నేలలో పాతాలి. కింద పది సెంటీమీటర్ల కాంక్రీటు పరుపు, వెనక వైపు రాతి ఎత్తులో సగం పైగా కాంక్రీటు ఆసరా ఉండాలి. ఆసరా లేని కెర్బ్ రాయిని పాల వ్యాను ఒక్కసారి వెనక్కి వచ్చి తాకితే చాలు, వరసంతా వంగిపోతుంది. మేస్త్రీలు ఖర్చు తగ్గించేది సరిగ్గా అక్కడే, అందుకే వెనక కప్పేయకముందు చూడండి. నాలుగైదు మీటర్లకు ఒకచోట నీరు పోయే సందు వదలాలి. చక్రాల కుర్చీ ఎక్కే చోట కెర్బును నేలమట్టం చేసి పన్నెండుకు ఒకటి వాలు ఇవ్వాలి.

వీల్ స్టాపర్ ఎంత దూరంలో?

గోడకు ఎదురుగా ఆపే కార్లకు చక్రాన్ని ఆపే అడ్డుదిమ్మె ఉంటుంది, దాన్నే వీల్ స్టాపర్ అంటారు. ఎత్తు సుమారు 100 మిల్లీమీటర్లు. దీన్ని గోడకు ఎంత దూరంలో పెట్టాలో మేస్త్రీలు కంటిచూపుతో చెప్పేస్తారు. లెక్క వేసుకోండి. చక్రం వ్యాసార్ధం 300 మిల్లీమీటర్లు అయితే, 100 ఎత్తున్న దిమ్మె అంచుకు టైరు తగిలేసరికి చక్రం మధ్యభాగం ఆ అంచుకు సుమారు 220 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. చక్రం మధ్య నుంచి కారు ముక్కు దాకా 850 అనుకుంటే, ముక్కు దిమ్మె అంచు దాటి 630 ముందుకు వస్తుంది. గోడకు తగలకుండా పది పన్నెండు సెంటీమీటర్లు వదిలితే దిమ్మెకు టైరు తగిలే అంచు గోడ నుంచి 750 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. వెనక్కి తోలి ఆపే అలవాటున్న చోట సెడాన్ డిక్కీ పొడవు చూసుకోవాలి. చక్రం మధ్య నుంచి వెనక బంపరుకు మీటరు ఉంటే 900 దాకా జరపాలి. మీ సెల్లారులో ఎలా ఆపుతారో చూసి ఒక్కటే కొలత అందరికీ ఖరారు చేయండి.

పొడవాటి ఒకే దిమ్మె కన్నా చక్రానికొకటి చొప్పున రెండు చిన్నవి మేలు. మధ్యలోంచి మనిషి నడవవచ్చు, చీపురు పోతుంది, నీరూ పోతుంది. రెండింటి మధ్యభాగాల నడుమ మీటరున్నర దూరం పెడితే చాలా కార్లకు సరిపోతుంది.

రంగు, రిఫ్లెక్టర్ల సంగతి క్లుప్తంగా. బ్రేకరుకు ముందు పది మీటర్ల దగ్గర హెచ్చరిక బోర్డు, రెండు చివర్లా క్యాట్ ఐ, అంటే లైటు పడితే మెరిసే బిళ్ల. సెల్లారు చీకటి మూలల్లో వీల్ స్టాపర్ల మీద రిఫ్లెక్టివ్ టేపు తప్పనిసరి, లేకపోతే రాత్రిపూట కాలికి తట్టుకునేది అవే.

వచ్చే వారానికి ఈ పని చేసి ఉంచండి. దారి వెడల్పు మూడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా ఇరుకు కొలతకు ముక్కల లెక్క వేయండి. గోడకు ఆపిన ఐదారు రకాల కార్లకు చక్రం నుంచి బంపరు దాకా టేపుతో కొలిచి నక్షా వెనక రాసుకోండి. నాలుగో పాఠంలో సెల్లారు మలుపుల్లో కుంభాకార అద్దాలు ఏ ఎత్తున, ఏ కోణంలో పెట్టాలో చూద్దాం. అప్పుడు ఈ కొలతలు మళ్లీ కావాలి.