అన్న ఇచ్చేది జీతమేనా? (శాసనసభ్యుల కార్యాలయ సిబ్బందికి హక్కుల పాఠం: 3వ భాగం)

పోయిన పాఠంలో ఒక చిన్న పని చెప్పాను. జీతం పడిన రోజు బ్యాంకు నుంచి వచ్చే సందేశంలో ఎవరి పేరు ఉందో చూసి రాసుకొమ్మన్నాను. హనుమకొండలో ఒక క్యాంపు కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముడు అది చూసి ఫోను చేశాడు. "సార్, నాలుగేళ్లుగా ఇక్కడే పని చేస్తున్నాను. ఈ పేరు ఎప్పుడూ వినలేదు" అన్నాడు. ఆ పేరు హైదరాబాదులోని ఒక అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీది. కాగితం మీద అతని యజమాని ఆ ఏజెన్సీయే. ఎమ్మెల్యే కాదు, ప్రభుత్వమూ కాదు.

మన దగ్గర చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కార్యాలయంలో అందరూ ఎమ్మెల్యేను 'అన్న' అంటారు. జీతం ఆలస్యమైతే 'అన్న చూసుకుంటాడు', సెలవు కావాలంటే 'అన్నను అడుగు', ఆసుపత్రి ఖర్చయితే 'అన్నకు చెప్పు'. చాలామంది అన్నలు నిజంగానే చూసుకుంటారు, కాదనను. కానీ అన్న ఎన్నికలో ఓడిపోతే? 2023 డిసెంబరు 3న ఫలితాలు వచ్చాక రాష్ట్రమంతటా ఎన్నో క్యాంపు కార్యాలయాలు చేతులు మారాయి. వరస కలిపి పిలిచిన పిలుపును ఏ అధికారి ముందూ రుజువుగా పెట్టలేం. అందుకే ఈ పాఠంలో ఒక్క ప్రశ్నే: మీ యజమాని ఎవరు?

శాసనసభ సచివాలయంలో రెగ్యులర్ ఉద్యోగులైతే జవాబు తేలిక. రాజ్యాంగం 187వ అధికరణ శాసనసభకు, మండలికి విడిగా సచివాలయ సిబ్బంది ఉండాలంటుంది. వాళ్ల నియామకం, సర్వీసు నిబంధనలు దాని కిందే వస్తాయి. వరంగల్‌లో కూర్చుని ఇది చదివేవారిలో అలాంటివారు తక్కువే కనుక ముందుకు పోదాం.

డిప్యుటేషన్ మీద, అంటే సొంత శాఖ నుంచి తాత్కాలికంగా, పీఏగా వచ్చిన ఉపాధ్యాయులు, జూనియర్ అసిస్టెంట్లు ఉంటారు. ఎమ్మెల్యే వెంట ఎంత తిరిగినా మీరు ప్రభుత్వ ఉద్యోగులే. రక్షణ ఉంది, దానితోపాటు కట్టుబాటూ ఉంది. పోలింగ్ రోజు 'ఒక్క పూట ఏజెంటుగా కూర్చో' అని ఎవరైనా అంటే కూర్చోకండి. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 134ఎ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి అభ్యర్థికి ఎన్నికల ఏజెంటుగా గానీ, పోలింగ్ ఏజెంటుగా గానీ, లెక్కింపు ఏజెంటుగా గానీ పని చేస్తే మూడు నెలల వరకు జైలు పడవచ్చు. 'అన్న చెప్పాడు' అన్న మాట అక్కడ చెల్లదు.

ఇక ఏజెన్సీ ద్వారా వచ్చినవారి సంగతి. ఈ పాఠం ముఖ్యంగా మీకోసమే. ఫోనులో ఉమంగ్ తెరిచి, మీ 12 అంకెల యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని భవిష్యనిధి సంఖ్య)తో భవిష్యనిధి (పీఎఫ్) పాస్‌బుక్ చూడండి. ఆ తమ్ముడి లెక్కనే ఉదాహరణగా తీసుకుందాం. జీతం 15,600. భవిష్యనిధికి 15,000 మీద 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే 117. వృత్తి పన్ను 150. ఇవన్నీ పోగా చేతికి రావలసింది 13,533. అతనికి పడుతున్నది 11,733. సరిగ్గా 1,800 తక్కువ. భవిష్యనిధికి యజమానిగా ఏజెన్సీ కట్టాల్సిన వాటాను కూడా అతని జీతంలోంచే కోసుకుంటోందన్నమాట. యజమాని వాటాను కార్మికుడి జీతంలో కోయడానికి వీల్లేదు. పాస్‌బుక్‌లో మీ వరుసలో 1,800, యజమాని వరుసలో 550, పింఛను వరుసలో 1,250 కనిపించాలి. ఆ 550, 1,250 కలిస్తే వచ్చే 1,800 ఏజెన్సీ జేబులోంచి రావలసినవి. అతని పాస్‌బుక్‌లో మూడు అంకెలూ చక్కగానే ఉన్నాయి. అందుకే అతనికి ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. పాస్‌బుక్‌ను ఒక్కదాన్నే చూస్తే మోసం దొరకదు, బ్యాంకు ఖాతా పక్కన పెట్టుకుని చూడాలి.

టెండరు మారి ఏజెన్సీ మారితే భవిష్యనిధిలో మీ సభ్యత్వ సంఖ్య మారుతుంది, యూఏఎన్ మారదు. కొత్త ఏజెన్సీ కొత్త యూఏఎన్ ఇస్తానంటే పాతదే చూపించండి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. పే స్లిప్ ఇవ్వాలి. ఉద్యోగం లోంచి తీసేసినా, మీరే మానేసినా బాకీ జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. బాకీ కోసం దరఖాస్తు చేసుకోవడానికి మూడేళ్ల గడువు ఉంది. దీన్ని చూసుకుని ఊరుకోకండి. మూడేళ్లలో ఏజెన్సీ బోర్డు మారిపోతుంది.

ఇప్పుడు ఉత్తరం రాద్దాం. మన అర్జీల అలవాటు ఒకటి వదిలించుకోవాలి. 'తమరి దయవల్ల బతుకుతున్నాను', 'కనికరించి ఇప్పించగలరు' అనే మాటలు రాయకండి. మర్యాద ఉండాలి, ప్రాధేయపడటం వద్దు. ఇలా చాలు:

"మేనేజరు గారికి, నేను ఫలానా తేదీ నుంచి ఫలానా కార్యాలయంలో మీ ఏజెన్సీ తరఫున కంప్యూటర్ ఆపరేటర్‌గా పని చేస్తున్నాను. గత ఆరు నెలల పే స్లిప్పులు, నియామక పత్రం నకలు నాకు పది రోజుల్లో పంపగలరు."

అంతే. కోసిన 1,800 గురించి ఇందులో ఒక్క మాట ఎత్తకండి. ముందు పే స్లిప్ చేతికి రానివ్వండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

డ్రైవర్లు, ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే పిల్లలు, కవర్లో నగదు అందుకునేవారు ఉన్నారు. మీకు ఏ కాగితమూ లేదు కనుక కాగితాన్ని మీరే పుట్టించుకోవాలి. పది రూపాయల నోటుపుస్తకం కొని రోజూ రాయండి: "ఉదయం 6.40, పరకాల దగ్గర పరామర్శ. 10.15, సీఎం సహాయనిధి దరఖాస్తులు 14. మధ్యాహ్నం కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ. రాత్రి 11.20, కాజీపేటలో పెళ్లి, ఇంటికి 12.30." ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున ఒకే పెన్నుతో ముప్పై రోజులూ నింపిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. డబ్బు అందుకున్న రోజు 'ముట్టింది సార్' అని వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టండి. డబ్బిచ్చినాయన జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ పెడితే అదీ ఆధారమే.

ఆడవాళ్లకు ఒక మాట ఇప్పుడే చెప్పాలి, వచ్చే పాఠం దాకా ఆగలేను. పదిమందికన్నా తక్కువ పని చేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్తుంది. ఫిర్యాదు యజమాని మీదే అయినా అక్కడికే. గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పెంచవచ్చు. మన దగ్గర ఒక తిరకాసు ఉంది. 2021 నుంచి హనుమకొండ ఒక జిల్లా, వరంగల్ మరో జిల్లా. రెండు ఊళ్లూ కలిసిపోయి కనిపిస్తాయి, ఆటోలో పావుగంట. కార్యాలయం నక్కలగుట్టలో ఉందా, ఖిలా వరంగల్‌లో ఉందా చూసుకుని ఫిర్యాదు పైన జిల్లా పేరు రాయండి.

వచ్చే పాఠానికి చేసుకు రావలసిన పని: పన్నెండు నెలల పాస్‌బుక్, అవే నెలల బ్యాంకు ఖాతా పక్కపక్కన పెట్టి, లెక్క కుదరని ప్రతి నెల పక్కనా పెన్సిల్‌తో ఎంత తేడా ఉందో రాయండి. పెన్సిల్‌తోనే రాయండి. ఆ తమ్ముడు మొదటిసారి లెక్కలో వృత్తి పన్ను మరిచిపోయాడు.